చేతికి అప్పగించిన చదువు

మాంటిస్సోరి పద్ధతిలో వస్తువు ముందు, మాట తరవాత. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టక ముందు నుంచే, కళ్లకు గంతలు కట్టి చేత్తో తడిమి ఆకారాలు పోల్చుకునే ఆటలు అందులో ఉన్నాయి. చూపులేని బిడ్డకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లికి సగం పని అక్కడే అయిపోయినట్టు. మిగిలిందల్లా, ఏ పరికరంలో ఏ పని కంటికి వదిలేశారో కనిపెట్టి దాన్ని చేతికి అప్పగించడం.

గులాబీరంగు గోపురం అనే పరికరంలో 1 నుంచి 10 సెంటీమీటర్ల దాకా పది చెక్క ఘనాలుంటాయి. మధ్యకు మధ్య పేరిస్తే తప్పును చూసి పట్టుకోవాలి. అదే అన్నిటినీ ఒక మూలకు జరిపి పేరిస్తే, ప్రతి మెట్టూ సరిగ్గా 1 సెంటీమీటరు వెడల్పు తేలుతుంది. అన్నిటికన్నా చిన్న ఘనం ఆ మెట్టు మీద అంచుకు అంచు కుదురుతుంది. వరస తప్పిందంటే కుదరదు. పరికరాన్ని ఏమీ మార్చకుండానే దిద్దుబాటు వేలికి వచ్చేసింది!

లెక్కల కడ్డీలకు ఇంకొంచెం పని పడుతుంది. 10 సెంటీమీటర్ల భాగం ఒకటి ఎరుపు, తరవాతది నీలం. రంగు మారినచోటల్లా గాడి కొడితే చాలదా అనిపిస్తుంది. చాలదు. పది భాగాల కడ్డీకి గాళ్లు తొమ్మిదే. తడిమిన బిడ్డ తొమ్మిదనే చెబుతుంది. అందుకే నీలం భాగాలకు సాండ్‌పేపర్ అంటించి, ఎరుపు నున్నగా వదిలేస్తారు. నునుపు ఒకటి, గరుకు రెండు, నునుపు మూడు. ఈ ఉపాయంలోని ఆలోచన నాకు అన్నిటికన్నా నచ్చింది: ఎంచాల్సింది గీతల్ని కాదు, భాగాల్ని.

అక్షరాల దగ్గర మాత్రం పాత పరికరం పనికిరాదు. గరుకు అక్షరం మీద వేలు దిద్దడం అచ్చు లిపికి సాధన; బ్రెయిలీ చుక్కల్ని దిద్దరు, వేలికొస వాటిమీదుగా జరుగుతుంది. కోడిగుడ్ల అట్టను ఆరు గుంటలకు కత్తిరించి, నిలువుగా పెట్టి, నిమ్మకాయలు ఉంచితే పెద్ద బ్రెయిలీ గడి తయారు. మొదటి నిలువు వరసలో పైన ఒకటి, కింద ఒకటి పెడితే 'క'. పక్క అట్టలో 'ఇ' పెడితే 'కి'. 1951లో స్థిరపడ్డ భారతి బ్రెయిలీలో హల్లు తరవాత అచ్చు రాస్తే అదే గుణింతం. గుడికీ కొమ్ముకీ వేరే గుర్తుల్లేవు.

ఇక్కడే మరో జాగ్రత్త. ఎడమ వరస, కుడి వరస అని చెప్పకూడదు. చెయ్యి ముందు చేరేది మొదటి వరస, తరవాతది రెండో వరస. బ్రెయిలీ పలక మీద కాగితం వెనకవైపు నుంచి, కుడి నుంచి ఎడమకు పొడుస్తూ రాయాలి. అక్కడ మొదటి వరస కుడిపక్కకు వస్తుంది, కానీ చెయ్యి ముందు చేరేది దాన్నే. కాబట్టి బిడ్డ నేర్చినదాన్ని తిరగేసుకోనక్కర్లేదు.