దుష్టసంహారం లేని మాయాలోకం

జానపద కథ అనగానే మనకొక అచ్చు సిద్ధంగా ఉంటుంది. ఎత్తుకుపోయిన రాకుమారి, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు, గుండెధైర్యం తప్ప ఇంకేమీ లేని ఒక కుర్రవాడు, చివరికి దుష్టసంహారం. 1947 నుంచి వచ్చిన చందమామలు చదివి, 1951 నాటి "పాతాళ భైరవి"ని మళ్ళీ మళ్ళీ చూసి పెరిగినవాళ్ళకు మాంత్రికుడు చావకపోతే కథ ముగిసినట్టే ఉండదు. అలాంటి మనం విదేశాల్లో పిల్లల పక్కన కూర్చుని హయావో మియజాకి సినిమాలు చూస్తే మొదట కలిగేది అయోమయమే. ఇందులో దుర్మార్గులెవరు? రాక్షసిలా కనిపించిన ముసలమ్మ అలాగే ఉండిపోయిందేమిటి? మరి కథ ఎలా అయిపోయినట్టు?

ఈ సినిమాలు ఇన్నేళ్ళుగా నిలబడడానికి కారణం ఆ అయోమయంలోనే ఉందని నా అభిప్రాయం.

నిలబడ్డాయనడంలో సందేహం లేదు. 1988లో వచ్చిన "నా పొరుగింటి టొటొరో"ని ఆనాడు చూసిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు చూపిస్తున్నారు. 2001లో విడుదలైన "స్పిరిటెడ్ అవే" 2002లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్‌ను మరో చిత్రంతో పంచుకుంది, 2003లో ఆస్కార్ అందుకుంది. జపాన్‌లో అత్యధిక వసూళ్ళ రికార్డు 2020 దాకా దానిదే. 2023లో వచ్చిన "ది బాయ్ అండ్ ది హెరాన్"కి మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చేనాటికి మియజాకి వయసు 83.

చేత్తో గీసిన బొమ్మల అందమే దీనికి కారణమని చాలామంది అంటారు. 2008 నాటి "పోన్యో" కోసం దాదాపు లక్షా డెబ్భై వేల బొమ్మలు గీశారంటే ఆ శ్రమకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ అందమే కారణమైతే, అదే స్టూడియో జిబ్లి నుంచి 2006లో వచ్చిన "టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ" కూడా అంతే నిలబడి ఉండాలి. మియజాకి కొడుకు గోరో తీసిన ఈ సినిమాలో కూడా మేఘాలున్నాయి, సముద్రముంది, డ్రాగన్లున్నాయి. మూలకథలు రాసిన ఉర్సులా లెగ్విన్ సినిమా చూసి బాహాటంగానే అసంతృప్తి చెప్పుకున్నారు. ఆమె ఫిర్యాదుల్లో ముఖ్యమైనది ఒకటుంది. తన పుస్తకాల్లో చీకటి మనిషి లోపలే ఉంటుంది, సినిమా దాన్ని తీసుకెళ్ళి ఒక మాంత్రికుడి నెత్తిన పెట్టింది, అతన్ని చంపేస్తే సమస్యలన్నీ తీరిపోయినట్టు చూపించింది అని. బొమ్మలు గీసింది ఆ స్టూడియో వాళ్ళే. తేడా అంతా చెడుని ఎక్కడ పెట్టారన్న దగ్గరే వచ్చింది.

"స్పిరిటెడ్ అవే"లో చెడు ఎక్కడుందో చూద్దాం. పదేళ్ళ చిహిరో తల్లిదండ్రులతో కొత్త ఊరికి వెళ్తూ దారితప్పుతుంది. సొరంగం దాటాక మనుషులెవరూ లేని వీధిలో వేడివేడి వంటకాలు కనిపిస్తే, అమ్మానాన్నలు అడిగేవాళ్ళు లేరని కూర్చుని తినేస్తారు. వద్దన్న కూతురితో తండ్రి తన దగ్గర క్రెడిట్ కార్డులూ నగదూ ఉన్నాయని ధీమాగా చెబుతాడు. చూస్తుండగానే ఇద్దరూ పందులైపోతారు. అది దేవతలు వచ్చి స్నానాలు చేసిపోయే చోటు. అక్కడ పని లేనివాళ్ళు జంతువులైపోతారు. ఆ పిల్లకి హకు అనే కుర్రాడు చెప్పేది ఒకటే ఉపాయం. పని అడుగు, కాదన్నా అడుగుతూనే ఉండు.

మన కథల్లో ఇలాంటి పిల్లకి ఎవరో ఒక మంత్రదండమో, మాయతివాచీయో ఇస్తారు. మియజాకి ఇచ్చింది తడిగుడ్డ, చీపురు. మిగతా పనివాళ్ళు ఎగతాళి చేస్తుంటే ఆమె నేల తుడుస్తుంది, మురికి పట్టిన తొట్టి తోముతుంది. కంపు కొడుతూ ఒక దేవత వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు, ఆమె మాత్రం దగ్గరికి వెళ్ళి పక్కలో ఏదో గుచ్చుకుని ఉందని కనిపెడుతుంది. తాడు కట్టి అందరూ కలిసి లాగితే ఒక సైకిలు, దాని వెనకే గుట్టలకొద్దీ చెత్త బయటపడతాయి. అది కంపు దేవత కాదు, మనుషులు పాడుచేసిన నది. తాను ఒక నదిని శుభ్రం చేసినప్పుడు నిజంగానే సైకిలు బయటపడిందని మియజాకి చెప్పాడు. హకు కూడా ఒక నదే, అపార్టుమెంట్ల కోసం పూడ్చేసిన నది. చెరువులు పూడ్చి కాలనీలు కట్టిన హైదరాబాదు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక ఆ స్నానశాల యజమానురాలు యుబాబా. పిసినారి, గయ్యాళి. అయినా పని ఇస్తానన్న మాటకి కట్టుబడుతుంది, తన బిడ్డ దగ్గర వెన్నలా కరిగిపోతుంది. చిహిరో వెళ్ళిపోయాక కూడా ఆమె దుకాణం ఆమెదే. దొరికినవాళ్ళని మింగేసిన 'ముఖం లేనివాడు' కూడా చావడు. అతను పంచిన బంగారం మట్టి అవుతుంది, అతను మాత్రం ఒక ముసలమ్మ ఇంట్లో నూలు వడుకుతూ కుదురుకుంటాడు. అతని ఆకలి ఒంటరితనపు ఆకలి. దానికి కత్తి మందు కాదు, కాస్త పని, కూర్చోడానికి ఒక చోటు కావాలి.

యుబాబా అసలు బలం పేరు దొంగిలించడంలో ఉంది. ఒప్పంద పత్రం మీద చిహిరో రాసుకున్న నాలుగు అక్షరాల పేరులో మూడింటిని గాలిలోకి లేపి పట్టుకుపోతుంది. మిగిలిన ఒక్క అక్షరాన్ని విడిగా 'సెన్' అని చదువుతారు. ఇక నుంచి ఆ పిల్ల సెన్. ఇలవేల్పు పేరూ తాతగారి పేరూ కలిపి పెట్టుకున్న వెంకట సత్యనారాయణ ఇక్కడికి వచ్చాక 'వెన్' అవుతాడు. ఎవరూ బలవంతం చెయ్యరు, పని సులువవుతుందని మనమే కుదించుకుంటాం. హకు ఆ పిల్లకి చెప్పే సలహా అందుకే ప్రవాసులకి సూటిగా తగులుతుంది. ఇక్కడ నువ్వు సెన్‌గానే ఉండు, నీ అసలు పేరు మాత్రం జాగ్రత్తగా దాచుకో అంటాడు. కొత్త పేరుని తిప్పికొట్టమనడు, పాతది మరిచిపోతే మాత్రం ఇంటిదారి దొరకదంటాడు. అప్పటికే తన పేరు సగం మరిచిపోయానని చిహిరోకి తెలిసే ఆ క్షణంలో ఉన్న భయం ఏ రాక్షసుణ్ణి చూపించినా రాదు.

1997 నాటి "ప్రిన్సెస్ మోనోనోకే"లో ఇదే చూపు మరింత కఠినమవుతుంది. ఇనుము కరిగించడానికి అడవి నరికించే ఎబోషి దొరసాని, అడవి దేవుణ్ణి తుపాకీతో కాల్చడానికి కూడా వెనుదీయదు. కానీ వేశ్యావాటికల నుంచి తెచ్చిన ఆడవాళ్ళకీ, ఊళ్ళు వెలివేసిన కుష్ఠురోగులకీ అన్నం పెట్టి పని చూపించింది కూడా ఆమే. ఆమె చస్తే అడవి బతుకుతుందేమో, ఆ రోగుల గతేమిటి? సినిమా ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. తోడేళ్ళు పెంచిన శాన్ మనుషులని క్షమించలేనంటుంది, నాయకుడు అషితక సరేనంటాడు. ఆమె అడవిలో, అతను ఊళ్ళో. అప్పుడప్పుడు వచ్చి చూసిపోతాడు, అంతే.

ప్రతి సినిమాలోనూ ఈ నిగ్రహం ఉందని చెప్పలేం. 1986 నాటి "లాపుటా"లో అసలైన విలనే ఉన్నాడు, చివరికి నశిస్తాడు. 2004 నాటి "హౌల్స్ మూవింగ్ కాజిల్"లో అంత పెద్ద యుద్ధాన్ని ఒక మంత్రగత్తె చివరి నిమిషాల్లో ఇక చాలని ఆపించేస్తుంది. ఆ ముగింపు నాకు తేలికగానే అనిపించింది. శత్రువుని చంపకపోవడం ఎంత కష్టమో, చంపకుండా కథ ముగించడం అంతకన్నా కష్టం.

మనకిది బొత్తిగా కొత్త కాదు. "పాతాళ భైరవి" తీసిన కె.వి. రెడ్డిగారే 1957లో "మాయాబజార్" తీశారు. అందులో రాక్షసుడు ఘటోత్కచుడు మన పక్షాన్నే ఉన్నాడు, కౌరవుల్ని చంపకుండా నవ్వులపాలు చేసి పంపిస్తాడు. రెండూ గొప్ప సినిమాలే అయినా మనవాళ్ళు ఇంటిల్లిపాదీ ఎక్కువసార్లు చూసింది "మాయాబజార్"నే అనుకుంటాను. ఇవాళ మన తెరమీద జానపదం అంటే కత్తులూ, రక్తమూ, గ్రాఫిక్సూ అయిపోయిందంటే, మనం ఒక దారిని వదిలేసి రెండోదాన్నే పట్టుకున్నామని అర్థం.

"స్పిరిటెడ్ అవే"లో పిల్లలకన్నా పెద్దలు జాగ్రత్తగా చూడాల్సినది చివరి ఘట్టం. మళ్ళీ మనుషులైన తల్లిదండ్రులు సొరంగం దగ్గర కూతుర్ని త్వరగా రమ్మని కేకేస్తారు. వాళ్ళకి ఏమీ గుర్తులేదు. బయటికి వస్తే కారు నిండా ఆకులూ దుమ్మూ. ఎవరో ఆకతాయిల పని అనుకుంటారు. ఆ పిల్ల ఏ నేల తుడిచిందో, ఎవరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడిందో, ఏ పేరుతో పలికిందో వాళ్ళకి ఎప్పటికీ తెలియదు. పిల్లల్ని కొత్త దేశపు బడిలో వదిలి, జేబులో కార్డు ఉందన్న ధీమాతో ఉద్యోగాలకి పరుగెత్తిన మనం కూడా ఆ కారులోవాళ్ళమే. సినిమా అయ్యాక ఆ పిల్ల అమ్మానాన్నలకి ఎందుకు చెప్పలేదని పక్కనున్న పిల్లల్ని అడిగి చూడండి. వాళ్ళు చెప్పే జవాబు ఒక్క చిహిరో గురించే కాకపోవచ్చు.