నీళ్ళ గదిలో ఎవరున్నారు?

ఒకకురా కకుజో రాసిన ‘ద బుక్ ఆఫ్ టీ’ని నేను మొదట చదివింది హిందూపురం నుంచి ధర్మవరం వెళ్ళే రైల్లో. పరిశోధన కోసం క్యోటో వెళ్ళే ముందు అమ్మను చూసి వద్దామని బయల్దేరాను. పెనుకొండ స్టేషన్లో కొన్న టీ తాగుతూ ఆ చిన్న పుస్తకంలో మునిగిపోయాను. తూర్పు దేశాలను చిన్నచూపు చూసే పాశ్చాత్యుల కోసం 1906లో, వాళ్ళ ఇంగ్లీషులోనే రాసిన పుస్తకమది. మా టీ గిన్నెలో ఒక జీవన దర్శనం ఉందని చెప్పిన ఆ ధీమా నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

క్యోటోలో విదేశీ విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన టీ సమావేశానికి వెళ్ళాను. మోకాళ్ళ మీద పాకుతూ దూరవలసిన చిన్న గుమ్మం. ఒకప్పుడు సమురాయి కూడా కత్తి బయటపెట్టి అలాగే లోపలికి వచ్చేవాడట. మడిచిన కాళ్ళు తిమ్మిరెక్కాయి. గిన్నెను కొద్దిగా తిప్పి, ముందు భాగం పెదవులకు తగలకుండా తాగమన్నారు. ఆ నిశ్శబ్దంలో నీళ్ళు మరిగే చప్పుడు వింటూ, ఒకకురా చెప్పిందంతా నిజమే అనుకున్నాను.

అయిపోయాక సాయం చేద్దామని వెనక గదిలోకి వెళ్ళాను. దాన్ని మిజుయా అంటారు, నీళ్ళ గది అనుకోవచ్చు. అక్కడ ముగ్గురు పెద్దవయసు స్త్రీలు గిన్నెలు కడుగుతున్నారు. పొడి జల్లించడం దగ్గర్నుంచీ అంతా వాళ్ళే. పొద్దుటినుంచీ ఆ గదిలోనే ఉన్నారట.

ఆ రాత్రి పుస్తకం మళ్ళీ తెరిచాను. మిజుయా ప్రస్తావన ఉంది. పాత్రలు కడిగి సర్దే చోటు అని ఒక్క ముక్క. కడిగేదెవరు? ఆ వాక్యంలో కర్త లేదు. ఆ లోటును నేను గుర్తుపట్టింది చదువు వల్ల కాదు, అమ్మ వల్ల.

ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం మీద కూర్చునేది నాయన. కండెలు చుట్టేది, కొత్త పడుగు వచ్చినప్పుడు పోగు పోగూ అతికేది అమ్మ. 2019–20 చేనేత గణనలోనూ నేతవారిది ఒక లెక్క, అనుబంధ పనివారిది వేరే లెక్క.

టీ స్త్రీల చేతికి మెయిజీ కాలపు బాలికల పాఠశాలలతోనే వచ్చిందని చాలామంది అనుకునేవారు. అంతకుముందు ఎడో కాలంలోనే స్త్రీలు దాన్ని అభ్యసించారని రెబెకా కార్బెట్ 2018లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. అంటే ఒకకురా రాసేనాటికి వాళ్ళు అక్కడే ఉన్నారు. ఆయన పుస్తకం మాత్రం 1591లో రిక్యూ ప్రాణత్యాగంతో ముగుస్తుంది. గొప్ప మరణానికి కథ ఉంది, రోజూ కడిగే చేతులకు లేదు. ఈనాడు టీ నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. రిక్యూ వారసత్వపు మూడు ప్రధాన శాఖల పీఠాలు మాత్రం మగవాళ్ళవే.

అయితే మిజుయాలో ఉన్నది చాకిరీ మాత్రమే అంటే నేనూ పొరపాటు పడినట్టే. “టీ ఇక్కడే నేర్చుకుంటాం. ఆ గదిలో చూపిస్తాం, అంతే” అంది ఒకావిడ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు, గర్వం ఉంది.

తిరిగొచ్చాక ఈ మాట అమ్మకు చెప్పాను. రాట్నం ఆపకుండానే అంది: “కండె సరిగా రాకపోతే మీ నాయన ఏం నేస్తాడు పాపా?”

‘నాయన నేస్తాడు, అమ్మ సాయం చేస్తుంది’ అని బళ్ళో చెప్పింది నేనే.