సశేషం

సశేషం అంటే శేషంతో కూడినది, అంటే చెప్పవలసింది ఇంకా మిగిలి ఉన్నది అని అర్థం. ఒకే కథను విడతలుగా విభజించి వారం వారమో నెల నెలకో అచ్చువేసే ధారావాహికలో, కథ ఆగిన చోట ఈ మాటనో ‘ఇంకా ఉంది’ అన్న అచ్చ తెలుగు మాటనో కుండలీకరణాల్లో పెట్టడం తెలుగు పత్రికల చిరకాలపు అలవాటు. శేషం అన్న మాటకు వాడుకలో రెండు ముఖాలున్నాయి. అప్పు, నిప్పు, పగ అనే మూడింటినీ శేషం లేకుండా తీర్చుకోవాలని, మిగిల్చిన కొంచెమే పెరిగి మీదికి వస్తుందని పెద్దలు హెచ్చరిస్తారు. గుడిలో దేవుడికి కప్పి తీసిన వస్త్రాన్ని మాత్రం శేషవస్త్రమని కళ్లకద్దుకుని భుజాన వేసుకుంటారు. మిగిలినది ఒకచోట భయం, మరొకచోట ప్రసాదం. పూర్తికాని కథ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పాఠకుడి చేతిలో ఉన్నది ఈ రెండింటిలో ఏ శేషం అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

నిరీక్షణలో రకాలున్నాయని గ్రహించడానికి నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపూర్‌కు సమీపాన, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల అనువైన చోటు. (నెల్లూరు వైపు పెన్న మీద జలాశయం ఉన్న సోమశిల వేరు.) శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, ఆ నీరు వెనక్కి ఎగదన్ని నిలిచిన రోజుల్లో సోమశిల ముందు నది చెరువులా విస్తరిస్తుంది, అవతల సిద్ధేశ్వరం వైపు కొండలు కంటికి ఆనుతూనే ఉన్నా అక్కడికి చేరాలంటే పడవ ఎక్కాలి, లేదా రోడ్డు మీద చాలా దూరం చుట్టి రావాలి. 2007 జనవరిలో ఇక్కడి కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయిన తరువాత రెండు ఒడ్లవారూ వంతెన కావాలని గట్టిగా అడుగుతూ వచ్చారు; 2022లో కేంద్ర ప్రభుత్వం వెయ్యి కోట్ల రూపాయలకు మించిన అంచనాతో సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. ఈ ఎదురుచూపు ఋణశేషం జాతికి చెందినది. పన్ను కట్టినవాడికి, ఓటు వేసినవాడికి, అయినవారిని నీటిలో పోగొట్టుకున్నవాడికి వంతెన రావలసిన బాకీ. దాన్ని నిలదీసి అడగడం హక్కు, ఆలస్యాన్ని లెక్కకట్టడం న్యాయం.

కథ కోసం ఎదురుచూడటాన్ని కూడా ఇదే ఖాతాలో రాసుకునే పాఠకులు ఇటీవల ఎక్కువయ్యారు. అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అనే అద్భుతగాథల వరుసలో తొలి నవలను 1996లోను, అయిదో నవలను 2011లోను వెలువరించగా, ఆరోది అయిన ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’ కోసం పాఠకలోకం అప్పటినుంచీ కాచుకుని ఉంది. ఈలోగా ఆ కథ ఆధారంగా తీసిన టీవీ ధారావాహిక 2011లో మొదలై, పుస్తకాలను దాటి ముందుకు పోయి, 2019లో తన ముగింపు తాను చెప్పేసుకుంది. రచయిత వేరే పుస్తకం రాసినా, ఎక్కడికైనా ప్రయాణమైనా, మాకు రావలసినది ఇవ్వకుండా ఇదేమిటని అభిమానులు కోప్పడటం పరిపాటి అయింది. కొన్న పుస్తకానికి వెల చెల్లించిన పాఠకుడు ఆ వెలలో కొనని పుస్తకం మీద కూడా హక్కు వచ్చిందనుకుంటున్నాడు. రేవులో నిలబడినవాడి న్యాయమైన కోపాన్ని తెచ్చి పుస్తకాల అర దగ్గర చూపిస్తున్నాడు.

తెలుగు పాఠకుడికి అద్భుతగాథ కోసం ఎదురుచూడటం కొత్త కాదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం 1954 నుంచి ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ మొదలుకుని ‘భల్లూక మాంత్రికుడు’ వరకు పన్నెండు ధారావాహికలు రాశారు. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలతో అవి నెలకొక విడతగా వచ్చేవి. విడత మొదట్లో అంతకుముందు జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉండేది. చివర కథానాయకుడు ఖడ్గవర్మో శిఖిముఖో ఏ కొండచరియ అంచునో, ఏ వింత మృగం ఎదుటనో నిలబడి ఉండగా ‘ఇంకా ఉంది’ అన్న మాట పడేది. ఆ నిరీక్షణకు గడువు ఉంది, ఆ గడువు నెల. 2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ తొలి భాగం ఒక సేనాని చేసిన హత్యకు కారణం చెప్పకుండా ఆగిపోయి, 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా ఇరవై ఒక్క నెలల పాటు ఊరూరా ఒకే ప్రశ్నను తిప్పినప్పుడు కూడా, జవాబు వస్తుందన్న భరోసా ప్రేక్షకుడికి ఉండనే ఉంది.

చందమామ విడతకూ విడతకూ మధ్య ఆ నెల రోజులు పాఠకులు ఊరికే కూర్చోలేదన్నది గమనించవలసిన విషయం. తెలుగు ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా బయటపడే ధారావాహికల బైండు పుస్తకాలు అందుకు సాక్ష్యం. సంచికకు కొట్టిన పిన్నులను గోటితో పైకి లేపి, ధారావాహిక ఉన్న కాగితాలను మాత్రం చిరగకుండా విడదీసి, విడతలను వరుసగా పేర్చి, అంచున దబ్బనంతో చిల్లులు పొడిచి, పురికొసతో కుట్టి, మైదాపిండి జిగురుతో అట్ట అంటించేవారు. కాగితానికి ఒక వైపు ధారావాహిక పుట ఉంటే రెండో వైపు మరేదో కథ తలా తోకా లేకుండా ఉండిపోయేది. ఒక విడత దొరక్కపోతే అక్కడ తెల్లకాగితం కుట్టి, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న సంచిక చూసి పెన్నుతో ఎక్కించుకున్నవారూ ఉన్నారు. బైండు చేయడానికి కాగితాలు సర్దుకున్న ప్రతిసారీ కథను మొదటినుంచి చదవక తప్పదు కాబట్టి, తరువాతి విడత వచ్చేసరికి పాత విడతలు కంఠస్థమై ఉండేవి. నిరీక్షణ ఒక పఠన పద్ధతిగా మారింది అక్కడే.

గడువు లేని నిరీక్షణ సంగతి ఇంకా పెద్దది, దానికి తెలుగు సాహిత్యంలో ఉన్న ఉదాహరణను మించినది ఏ భాషలోనైనా అరుదు. రాజమహేంద్రవరంలో తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడి కోరికపై 11వ శతాబ్దంలో నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయ పూనుకుని, ఆది, సభా పర్వాలు పూర్తి చేసి, మూడోదైన అరణ్యపర్వంలో నాలుగో ఆశ్వాసం మధ్య ఆగిపోయాడు. (ఆశ్వాసం అంటే కావ్యంలో ఒక ప్రకరణం, కవి, శ్రోత ఊపిరి తీసుకునే చోటు అని ఆ మాటకున్న భావం.) సంప్రదాయం గుర్తించిన ఆయన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. పాండవులు అడవిలో ఉన్నారు, వెన్నెల కాస్తోంది, గ్రంథం అక్కడ నిలిచిపోయింది. 13వ శతాబ్దంలో నెల్లూరులో తిక్కన కలం పట్టి విరాటపర్వం నుంచి చివరి వరకు పదిహేను పర్వాలు రాశాడు గానీ, అరణ్యపర్వంలోని ఖాళీని మాత్రం ముట్టుకోలేదు; ముట్టుకోకపోవడానికి పండితులు చెప్పుకున్న కారణాలు అనేకం. దాంతో తెలుగు భారతం చదివేవాడు వెన్నెల రాత్రి అడవిలో నిద్రపోయి నేరుగా విరటుడి కొలువులో కళ్లు తెరవవలసి వచ్చింది. సావిత్రి కథ, ఘోషయాత్ర, యక్షప్రశ్నలు అన్నీ ఆ ఖాళీలోనే ఉండిపోయాయి.

14వ శతాబ్దంలో, అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన ఆ ఖాళీని నింపాడు. ఆ భాగానికి నిలిచిన పేరే అరణ్యపర్వశేషం. నన్నయ శరద్రాత్రి దగ్గర ఆగితే ఎర్రన శరత్కాలపు సూర్యోదయంతో మొదలుపెట్టాడు; మధ్యలో గడిచిన దాదాపు మూడు వందల ఏళ్లు కావ్యంలో ఒక్క రాత్రిగా మారిపోయాయి. తాను రాసిన భాగాన్ని తనను పోషించిన ప్రభువుకు కాక ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేసి, నన్నయే రాస్తున్నట్టుగా నడిపించాడు. అక్షరరమ్యత, అంటే చెవికి ఇంపుగా అక్షరాలను కూర్చడం, నన్నయ తన కవిత్వానికి తానే చెప్పుకున్న గుణం. సంభాషణలతో, తెలుగు పలుకుబడితో కథను కళ్లముందు ఆడించడం తిక్కన విద్య. ఎర్రన ఆరంభంలో నన్నయ ఫణితికి దగ్గరగా ఉండి, పోను పోను తిక్కన శైలిలోకి జారి, విరాటపర్వం గుమ్మం దగ్గర పాఠకుణ్ణి కుదుపు లేకుండా దించాడని విమర్శకులు గుర్తించారు. రెండు ఒడ్లనూ కొలిచి చూడకుండా వంతెన కట్టడం సాధ్యం కాదు. ఇద్దరు మహాకవుల వాక్యాన్ని ఊపిరితో సహా పట్టుకునేంతగా చదవకుండా ఆ పని ఎర్రనకూ సాధ్యమయ్యేది కాదు. ఆయన ముందు పాఠకుడు, తరువాతే పూరకుడు.

ఇటీవలి కాలంలో దీనికి సాటి వచ్చే ఉదాహరణ అమెరికాలో జరిగింది. ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే అద్భుతగాథను 1990లో మొదలుపెట్టిన రాబర్ట్ జోర్డాన్, కథ పూర్తి చేయకుండానే 2007లో మరణించగా, ఆయన భార్య, సంపాదకురాలు అయిన హారియట్ మెక్‌డూగల్ ఆ పని బ్రాండన్ శాండర్సన్‌కు అప్పగించారు. శాండర్సన్ కౌమారం నుంచి ఆ పుస్తకాలు చదువుతూ, తరువాతి భాగం కోసం ఎదురుచూస్తూ పెరిగినవాడు. జోర్డాన్ విడిచిపోయిన రాతప్రతి ముక్కలు, చెప్పి రాయించిన వివరాలు ఆధారంగా 2009, 2010, 2013 సంవత్సరాల్లో మూడు సంపుటాలతో కథ పూర్తయింది. అలిగినవారికంటే మళ్లీ మళ్లీ చదివినవారికే శేషం పూరించే అర్హత దక్కుతుందని అద్దంకిలో తేలిన సంగతే అక్కడా తేలింది.

అందువల్ల కథాశేషాన్ని ఋణశేషంతో కలిపి రాయడం లెక్క తప్పు. వంతెన ఆలస్యమైన ప్రతిరోజూ రేవులో ఎవరికో నష్టం. కథ ఆలస్యమైతే, చదివిన భాగం ఎక్కడికీ పోదు, చదివే కొద్దీ లోతు తేలుతుంది. రచయిత పూర్తి చేయలేకపోయినా తప్పు చేసినవాడు కాడు, నన్నయను ఎవరూ తప్పు పట్టలేదు. ఆదికవి అనే పిలిచారు. అంతమాత్రాన ఎదురుచూసేవాడి ఆరాటం చిన్నదనీ కాదు. అది వంతెన అడిగేవాడి ఆరాటం కాదు, నీటి కింద గుడి ఉన్నవాడి ఆరాటం.

ఆ గుడి సోమశిలకు ఆవలి ఒడ్డునే ఉంది. సప్తనదుల సంగమంగా ప్రసిద్ధికెక్కిన సంగమేశ్వరంలో వేపదారు లింగం, అంటే వేపచెక్కతో చేసిన శివలింగం, ఉన్న ఆలయం శ్రీశైలం జలాశయం నిండిన తరువాత నీటిలో కలిసిపోయి, రెండు దశాబ్దాలకు పైగా కనిపించకుండా ఉండి, 2003 నుంచి నీరు బాగా తగ్గిన వేసవుల్లో బయటపడుతోంది. అది ఏ తేదీన తేలుతుందో పంచాంగం చెప్పదు. ఎగువ వానలూ దిగువ తూముల లెక్కా చెప్పాలి. వరద వస్తున్నప్పుడు గర్భగుడిలోకి నీరు చేరేదాకా పూజారి పూజ చేస్తూనే ఉంటారు. మళ్లీ నీరు తీసినప్పుడు ముందు శిఖరం, తరువాత మండపం, చివరికి గడప కనిపిస్తాయి. గడప కనిపించగానే పూజ మొదలుకాదు. నెలల తరబడి పేరుకున్న ఒండ్రును పారలతో ఎత్తి, బిందెలతో నీళ్లు పోసి, రాతి పలకల సందుల్లోంచి బురద పోయేదాకా కడగాలి. సోమశిల నుంచి పడవ ఎక్కి వచ్చినవారు కూడా చెప్పులు విడిచి, చీరకొంగు దోపి, పంచె ఎగ్గట్టి, ఆ పనిలో ఒక చెయ్యి వేస్తారు.