మంచి కొలత: ఎవరి కుంచంతో?

కతోలిక విశ్వాసానికి తగ్గట్టు డబ్బును ఎట్లా పెట్టుబడి పెట్టాలి అనే విషయం మీద వాటికన్‌లోని పాంటిఫికల్ అకాడమీ ఆఫ్ సోషల్ సైన్సెస్ 2022 నవంబరులో ఒక పత్రం వెలువరించింది. దాని పేరు 'మెన్సూరం బోనమ్'. అంటే మంచి కొలత. లూకా సువార్త ఆరో అధ్యాయం నుంచి తీసుకున్న మాట ఇది. షేర్లు, బాండ్ల గొడవ మనకెందుకులే అని ఈ పత్రాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు. శ్రీసభ డబ్బు ఏ కంపెనీలోకి పోతోంది, ఆ కంపెనీ ఎవరి చేత ఎంత కూలికి పని చేయించుకుంటోంది అనేది మన వాడల దాకా వచ్చే ప్రశ్న.

ముందుగా ఈ ఆలోచనకున్న బలాన్ని ఒప్పుకోవాలి. బతకడానికి చాలని కూలికి కూలివాడు గతిలేక ఒప్పుకున్నా అది న్యాయమైన ఒప్పందం కాదని 1891లోనే పదమూడవ లియో పోపు 'రేరుం నొవారుం' లేఖలో చెప్పారు. డబ్బును ఇక్కడ పెట్టాలా అక్కడ పెట్టాలా అనే నిర్ణయం ఎప్పుడూ నైతిక నిర్ణయమేనని రెండవ జాన్ పాల్ 1991లో రాశారు. అమెరికా మేత్రాణుల సమాఖ్య 2003లో పెట్టుబడి నియమాలు తయారుచేసి 2021లో వాటిని సవరించింది. హాని చేసే కంపెనీలకు దూరంగా ఉండటం, వాటాదారులుగా లోపలుండి ఒత్తిడి తేవడం, పదిమందికి మేలు చేసే పనుల్లో డబ్బు పెట్టడం అనే మూడు దారులు అందులో ఉన్నాయి. మార్కెట్టుకు నీతితో పనిలేదని వాదించేవాళ్లకు ఇది గట్టి జవాబే.

అయితే ఆచరణలో ఎక్కువగా ప్రచారం పొందింది మొదటి దారే. 2015లో మొదలైన ఎస్ అండ్ పి 500 కతోలిక విలువల సూచీనే చూడండి. గర్భస్రావం, పిండ కణాల పరిశోధన, అశ్లీల చిత్రాలు, కొన్నిరకాల ఆయుధాలు, బాలకార్మికం వంటి వాటితో సంబంధం ఉన్న కంపెనీలను జల్లెడ పట్టి తీసేస్తారు. మిగిలినవాటిని మళ్లీ అసలు మార్కెట్టులో ఏ రంగానికి ఎంత బరువుందో అంతే బరువొచ్చేట్టు సర్దుతారు. అంటే ఆత్మకు శుద్ధి దొరుకుతుంది, లాభానికీ పెద్దగా లోటు రాదు. పాపాన్ని ఒక సరుకుగా చూసి దాన్ని ముట్టకుండా ఉండటమే ధర్మం అనుకునే చూపు ఇది. అంటరానితనాన్ని అనుభవించిన మనకు ఈ మడి కట్టుకునే పద్ధతి కొత్తది కాదు.

ఈ జల్లెడలో ఏం పడదో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడు పత్తి చేలు చెబుతాయి. మోన్‌శాంటో, బేయర్ వంటి బహుళజాతి కంపెనీలకు విత్తనం పండించే చేలల్లో క్రాసింగు పనికి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని పెడుతున్నారని దావులూరి వెంకటేశ్వర్లు 2003లో చేసిన అధ్యయనం బయటపెట్టింది. వాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల పిల్లలు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లను కట్టేసుకునేవాళ్లు. చేను కంపెనీది కాదు, రైతుది. రైతుతో మాట్లాడేది ఆర్గనైజరు. కాబట్టి కంపెనీ కాగితాల మీద ఒక్క బాలకార్మికురాలూ కనిపించదు. పెద్దవాళ్లకు కూలి ఇచ్చి పని చేయించుకోవడానికి కంపెనీలిచ్చే కొనుగోలు ధర చాలదని 2005లో వచ్చిన మరో అధ్యయనం లెక్కగట్టి చూపింది. పాపం సరుకులో లేదు, ధరలో ఉంది. కంపెనీ ఏం అమ్ముతుందని మాత్రమే అడిగే జల్లెడకు ఆ ధర దొరకదు. బయటినుంచి ఒత్తిడి పెరిగాకే, పిల్లల్ని పెట్టని రైతులకు అదనపు ధర ఇస్తామని కంపెనీలు దిగొచ్చాయి. దూరంగా జరిగితే ఇది జరిగేది కాదు, నిలదీస్తేనే జరిగింది.

ఇంకో లోటు ఇంతకంటే పెద్దది. అమెరికా మేత్రాణుల నియమాల్లో జాతి వివక్ష, స్త్రీల పట్ల వివక్ష ప్రస్తావనకు వస్తాయి. కులానికి శీర్షిక లేదు. పేరు లేనిదాన్ని ఎవరు కొలుస్తారు? కొలబద్ద లేదనే సాకు కూడా చెల్లదు. దక్షిణాసియాలో పెట్టుబడి పెట్టే విదేశీ కంపెనీల కోసం 2006లోనే అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక అంబేద్కర్ సూత్రాలను ముందుకు తెచ్చింది. నియామకాల్లో, శిక్షణలో, పదోన్నతుల్లో కులవివక్షను ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా సరిచేయాలో అవి చెబుతాయి. దక్షిణాఫ్రికా కోసం 1977లో వచ్చిన సలివాన్ సూత్రాల బాట ఇది. ఆ చరిత్ర ఒక హెచ్చరిక కూడా చేస్తోంది. స్వచ్ఛంద సూత్రాలతో వర్ణవివక్ష కూలలేదని, కంపెనీలు ఆ దేశం వదిలి రావాలని 1987లో లియాన్ సలివానే స్వయంగా పిలుపిచ్చారు. కాబట్టి సూత్రాలు కాగితం మీద ఉంటే చాలదు, గడువూ ఉండాలి, గడువు దాటితే శిక్షా ఉండాలి.

ఇక ఇంటి లెక్క. భారత కతోలికుల్లో సుమారు 1 కోటి 90 లక్షల మందికిగాను 1 కోటి 20 లక్షల మంది దళితులేనని, సభలో ఇంకా వివక్ష ఉందని భారత మేత్రాణుల సమాఖ్య తన 2016 దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022లో కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని కార్డినల్ అయ్యారు, ఆ పదవికెక్కిన తొలి దళితుడు. ఈ గౌరవాలు చిన్నవి కావు. కానీ పీఠం వేరు, పెట్టె తాళం వేరు. మేత్రాసనాల డిపాజిట్లు, భూములు, ఆసుపత్రులు, కాలేజీల జమాఖర్చులు సంఘస్తుల ముందు పరిచేదాకా ఆ విధానం సగం మాటే.

కూలి గింజలు కొలిచేటప్పుడు దొర కుంచం చిన్నది, అప్పు గింజలు వసూలు చేసుకునేటప్పుడు పెద్దది. మా అమ్మల తరానికి ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. అందుకే 'మంచి కొలత' అనే మాట వినగానే దాతకు తన దాతృత్వం గుర్తొస్తుంది, కూలికి కుంచం అడుగు గుర్తొస్తుంది. పెట్టుబడి నీతిని కొలిచే కమిటీల్లో ఆ కూలి మనిషి బిడ్డ కూర్చోవాలి. కులం ఒక కొలమానం కావాలి. విత్తనం కొన్న ధర నుంచి కూలిచ్చిన రేటు దాకా లెక్క అడగాలి. దళిత క్రైస్తవ సంఘాలు, విద్యార్థులు తమ మేత్రాసనాల నుంచే ఈ లెక్క అడగడం మొదలుపెట్టాలి.