మోండా మార్కెట్లో రెండు నాలుకలు

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో నేను పచ్చిమిర్చి కొనే పెద్దామెకు చదువు రాదు. నాతో తెలుగులో బేరమాడుతూనే పక్కన నిలబడ్డ బుర్ఖా ఆవిడకు ‘నక్కో అమ్మా, ఇత్తే మే నై ఆతా’ అని తేల్చేస్తుంది. వెనక్కి తిరిగి కొడుకును తెలుగులో ఓ తిట్టు తిట్టి, నా లెక్క ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే అందుకుంటుంది.

హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించినవాళ్లలో ఇలాంటి చదువురాని మనుషులూ ఉన్నారు. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 648 మంది మీద జరిగింది. వాళ్లలో 391 మందికి కనీసం రెండు భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లకంటే వీళ్లలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. అక్షరం ముక్క రానివాళ్లలోనూ తేడా కనిపించింది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. బడి చదువు ఖాతాలో వేయలేని లాభమన్నమాట.

అంతకుముందు కెనడాలోని టొరంటోలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లా, వలస వల్లా అన్న అనుమానం మిగిలింది. హైదరాబాద్‌లో ఆ పేచీ లేదు. తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఇక్కడ ఒకే గల్లీలో పుట్టి పెరిగినవాళ్లు.

రెండు భాషలు వచ్చినవాళ్ల బుర్రలో రెండూ మేలుకునే ఉంటాయట. ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదాన్ని అణచిపెట్టాలి, మనిషి మారగానే దాన్ని వదిలి దీన్ని పట్టాలి. రోజంతా సాగే ఈ కసరత్తు వల్ల మెదడుకు కొంత నిల్వబలం చేకూరుతుందని, జబ్బు మొదలైనా కొన్నాళ్లు నెట్టుకురాగలుగుతుందని శాస్త్రవేత్తల ఊహ. అందరూ ఒప్పుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని పరిశీలనల్లో ఈ లాభం కనబడలేదు. కాబట్టి బీపీ మాత్ర మానేసి ఉర్దూ పుస్తకం పట్టుకోకండి.

ఇంకో మాట. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనపు లాభం నిమ్స్ లెక్కల్లో తేలలేదు. రిటైరయ్యాక ఫోన్లో స్పానిష్ నేర్చుకుంటున్న మిత్రులు సరదాకే నేర్చుకోవచ్చు.

నా దిగులల్లా అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పిల్లల గురించి. రెండు భాషల ఇంట్లో పుట్టి ఒక్క ఇంగ్లిష్‌తో పెద్దవుతున్నారు. తాతలూ అమ్మమ్మలూ, మనవలు ఇంగ్లిష్‌లో అడిగినా మీరు తెలుగులోనే జవాబు చెప్పండి.