ఒంటిపూట బడిలో ఒత్తులు

మార్చి సగం దాటితే పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఒంటిపూట బడులు. పన్నెండున్నరకు పిల్లలు అన్నం తిని ఇంటికి పోతారు. ఏప్రిల్‌లో ఏడాది చదువు ముగుస్తుంది. ఆ కొద్ది వారాల్లో రెండో తరగతి టీచరమ్మ చేసే పని నాకెప్పుడూ అబ్బురమే.

గుణింతాలు అప్పటికే వచ్చి ఉంటాయి. ఇక ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకు తమ అక్షరం పోలికే ఉండదు. 'అక్క' చకచకా చదివిన పాప 'పద్మ' దగ్గర ఆగిపోతుంది. టీచరమ్మ జవాబు అందించదు. మాటను మెల్లగా పలికిస్తుంది, చెవికి పట్టిన శబ్దాన్ని నేల మీద సుద్దతో రాయిస్తుంది. జవాబు చెప్పకుండా ఆగడమే ఈ పనిలో అసలు నేర్పు.

లెక్కలూ అంతే. 42లోంచి 17 తీయాలంటే పది చీపురు పుల్లల కట్ట ఒకటి విప్పాల్సిందే. పిల్లలే విప్పుతారు, ఏడు పుల్లలు తీస్తారు, మిగిలిన కట్టల్లో ఒకటి పక్కన పెడతారు, 25 అని అరుస్తారు.

1 నుంచి 5 తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడాలని 2022లో రాష్ట్రం 'తొలిమెట్టు' తెచ్చింది. దాన్ని పలక మీదికి దించేది ఈమే. అమ్మానాన్నల వెంట ముంబైకి వలసపోయి నడుమ తిరిగొచ్చిన పిల్లాడికి ఇంకా గుణింతాలే రావు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, విసుగు లేకుండా 'క'తో మళ్లీ మొదలుపెడుతుంది.