ప్రేమ మధ్యలో కొబ్బరి దింపు

మా ఇచ్ఛాపురం వైపు కథలు రాసే పిల్లలు అప్పుడప్పుడు రాతప్రతులు తెచ్చి చూపిస్తుంటారు. ప్రేమకథలే ఎక్కువ. వాటిలో ప్రేమికులకు పనీపాటా ఉండదు. బాహుదా గట్టున కూర్చుని ఒకళ్లనొకళ్లు పొగుడుకుంటారు. ఈమధ్య చదివిన ఓ కథలో అమ్మాయి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. అబ్బాయి ఆమె చేతులు పట్టుకుని తామరపూలంటాడు.

జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిదో నూనో రాసుకుని కూర్చున్నా వేళ్ల కొసలు నల్లబడతాయి, పొరలు లేస్తాయి. ఆ గరుకు తగల్లేదంటే అతను ఆ చేతులు పట్టుకోనే లేదన్నమాట. ఏ వేలు మండుతోందో తెలిసి, దాన్ని వదిలి మిగతావి పట్టుకున్నాడని రాస్తే చాలు. ఆమె మీద ప్రేముందని వేరే చెప్పక్కర్లేదు.

ఒకరి గురించి ఇంకొకరికి ఏం తెలుసో కనబడ్డప్పుడే నాకు ఆ జంట మీద నమ్మకం కుదురుతుంది. 1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’ చూడండి. భార్య ఉత్తరం రాసిపెట్టి వెళ్లిపోయిందని గోపాలరావు బెంబేలెత్తిపోతాడు, నౌకరు మీద విరుచుకుపడతాడు. భార్య కమలిని మంచం కిందే ఉండి అంతా వింటుంది. మొగుడెలా కంగారుపడతాడో ఆమెకు తెలుసు. ఆమె ఎంతకు తెగించగలదో అతనికి తెలియదు. ఆ కాపురం నూరేళ్లు దాటినా పాతబడకపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం.

మా తీరంలో ప్రేమకు దూరం కూడా తోడవుతుంది. మగవాళ్లు చేపల వేటకని గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు, నెలల తరబడి రారు. 2018 చివర్లో అలా వెళ్లిన శ్రీకాకుళం మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వాళ్లలో ఎక్కువమంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ ఉదంతం ఆధారంగా 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. జైలు ఘట్టాల కంటే, నాయిక వెళ్లొద్దన్నా నాయకుడు బయల్దేరడం నన్ను ఎక్కువ కదిలించింది. వాళ్లను విడదీసింది వేట. ఇక్కడి ఆడవాళ్లకు బాగా తెలిసిన తగువే అది.

మళ్లీ ఆ పిల్లల కథల దగ్గరికొస్తే, ఉద్దానం కొబ్బరితోటల నేపథ్యంగా ఒకమ్మాయి రాసిన కథ బాగుంది. మొగుడు వెరావల్ నుంచి ఫోన్ చేస్తాడు.

“దింపు కూలి ఇచ్చీసినావేటి?”

“ఇచ్చీసినాను మావా. కాయ రేటు పడిపోనాది.”

“తిత్లీకి పడిపోయిన చెట్ల జాగాలో పెట్టిన మొక్కలో?”

“బాగున్నాయి.”

ఎప్పుడొస్తావని ఆమె అడగదు. అడిగితే అబద్ధం చెబుతాడని ఆమెకు తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరితోట మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అందాకా అతను వేటకు పోక తప్పదని ఇద్దరికీ ఎరికే.

రెండోసారి రాసినప్పుడు ఆ అమ్మాయి ఈ సంభాషణను తోటలోకి మార్చింది, ఏకాంతం ఉంటుందని. మళ్లీ ఇంట్లోకే తెమ్మన్నాను. వసారాలో అత్తగారు బియ్యం ఏరుతూ ఉండాలి, ప్రతి మాటా ఆవిడ చెవిన పడుతూ ఉండాలి. కొడుకు గొంతు విందామని ఆవిడా చెయ్యి చాపుతుంది కదా. ఫోన్ ఇచ్చేముందు కోడలు చెప్పుకోగలిగే ఆ ఒక్క మాట ఏమిటో ఇంకా తేల్చుకోవాలి.